జైలీన్ బదులు ఏది వాడాలి? ల్యాబ్ వాళ్ల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో జైలీన్ వాసన గురించి ఏదో మాటవరసకి రెండు లైన్లు రాస్తే హిస్టాలజీ ల్యాబుల నుంచి ఇన్ని ఉత్తరాలొచ్చాయి, అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాళ్లకే. ఈ పని తెలియని పాఠకులకి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. ఆపరేషన్‌లో తీసిన కండని మైక్రోస్కోప్ కింద చూడాలంటే ముందు ఫార్మలిన్‌లో ఉంచాలి, తర్వాత ఆల్కహాల్‌తో అందులో నీళ్లన్నీ లాగేయాలి, నీళ్లు పోయినచోట చేరిన ఆల్కహాల్‌ని జైలీన్ అనే ఘాటు వాసన సాల్వెంట్‌తో తోసేయాలి (దీన్నే క్లియరింగ్ అంటారు), ఆ జైలీన్ ఉన్నచోటికి కరిగించిన మైనం ఎక్కించాలి, అప్పుడుగానీ అది బ్లాక్ అయ్యి పల్చగా కోయడానికి లొంగదు. ఇవన్నీ వరసగా చేసే మెషీనే ప్రాసెసర్. కోసిన పొరని స్లైడ్ మీదికి ఎక్కించి, మళ్లీ జైలీన్‌తో మైనం కడిగేసి (డీవాక్స్), రంగు వేసి (స్టెయినింగ్), ఇంకోసారి జైలీన్‌లో ముంచి, పైన కవర్‌స్లిప్ అనే పల్చటి గాజు ముక్క అంటిస్తారు (మౌంటింగ్). ఆల్కహాల్‌కీ మైనానికీ అసలు పొత్తు కుదరదు, రెండింటితోనూ కలిసేది జైలీన్, అందుకే ఇన్నేళ్లుగా దాన్ని వదల్లేకపోతున్నాం.

ప్రశ్న: మేడమ్, మా ల్యాబ్‌లో క్లోజ్డ్ ప్రాసెసర్ ఉంది, స్టెయినింగ్ మాత్రం చేత్తోనే చేస్తాం. జైలీన్ మానేసి సేఫ్‌గా ఉండేది ఏదైనా చూడమని పైవాళ్లు నాకు అప్పజెప్పారు. ఒక సేల్స్ ఆయన లిమోనీన్ అంటాడు, ఇంకొకాయన వాసనే రాని అలిఫాటిక్ అంటాడు, మా ఫ్రెండ్ ఏమో ఐసోప్రొపనాల్ ఒక్కటి చాలు అంటున్నాడు. ఏది కొనమంటారు? (జూనియర్ టెక్నీషియన్)

జవాబు: ఏదీ కొనకు బాబూ, ఇప్పుడే కాదు. ముందు ఒకరోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీ ల్యాబ్‌లో జైలీన్ ఎక్కడెక్కడ మూత లేకుండా గాలికి తగులుతోందో చూసి ఒక కాగితం మీద రాసుకో. క్లోజ్డ్ ప్రాసెసర్ అంటున్నావు కాబట్టి రాత్రంతా అది లోపల్లోపలే తిప్పుకుంటుంది, దానికి చార్‌కోల్ ఫిల్టర్ కూడా ఉంటుంది, రీజెంట్ మార్చేటప్పుడు తప్ప నీ ముక్కుదాకా పెద్దగా రాదు. అసలు కథంతా స్టెయినింగ్ బెంచ్ మీద ఉంటుంది. డీవాక్స్‌కి రెండో మూడో జాడీలు, స్టెయిన్ అయ్యాక క్లియరింగ్‌కి ఇంకో రెండు మూడు జాడీలు, పక్కనే మౌంటింగ్ చేస్తూ కూర్చున్న మనిషి, అన్నింటికీ మూతలు తీసేసి ఉంటాయి ఎందుకంటే రెండు నిమిషాలకోసారి ర్యాక్ ముంచాలి కదా, ఎవరు పెడతారు. ఇంకోటి గమనించు, 60 డిగ్రీల ఓవెన్‌లోంచి స్లైడ్ ర్యాక్ తీసి వేడివేడిగా అలాగే జైలీన్‌లో దించేస్తారు, మైనం త్వరగా కరుగుతుందని. కరుగుతుంది నిజమే, కానీ ఆ దించిన క్షణంలో గుప్పున పైకొచ్చే ఆవిరి మొహానికే కొడుతుంది. ఒక్క నిమిషం ర్యాక్‌ని చల్లారనిచ్చి దించి మూత పెట్టేస్తే పైసా ఖర్చు లేకుండా సగం గొడవ తగ్గుతుంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, చాలామంది ప్రాసెసర్‌లో జైలీన్ మార్చడానికి నెలలు కష్టపడి, స్టెయినింగ్ బెంచ్ మీద మాత్రం అదే జైలీన్ అలాగే వదిలేస్తారు. పేషెంట్ కండకి రిస్క్ ఎక్కువుండేదేమో ప్రాసెసర్‌లో, మనిషికి రిస్క్ ఎక్కువుండేదేమో బెంచ్ మీద. నన్నడిగితే బెంచ్ నుంచే మొదలుపెట్టాలి, ఎందుకంటే అక్కడ తేడా కొడితే స్లైడ్ ఒకటి పాడవుతుంది, బ్లాక్‌లోంచి ఇంకోటి కోసుకుంటాం, అదే ప్రాసెసర్‌లో తేడా కొడితే ఆ చిన్న బయాప్సీ మళ్లీ రాదు.

ఇక నీ మూడింటి సంగతి. లిమోనీన్ అంటే నిమ్మజాతి పండ్ల తొక్క నుంచి తీసేది, మైనాన్ని బాగానే కరిగిస్తుంది, ఫ్లాష్ పాయింట్ (నిప్పు చూపిస్తే ఆవిరి అంటుకునే వేడి) సుమారు 48 డిగ్రీలు కాబట్టి జైలీన్ అంత సులువుగా అంటుకోదు (జైలీన్‌ది దాదాపు 27). కానీ వాసన చాలా ఘాటు, మొదటివారం బాగుంది అన్నవాళ్లే నెల తిరిగేసరికి తలనొప్పి అంటారు. పైగా గాలి తగిలి పాతబడేకొద్దీ అందులో హైడ్రోపెరాక్సైడ్‌లు పుడతాయి, అవి చర్మానికి అలర్జీ తెప్పిస్తాయి, ఒకసారి అలర్జీ మొదలైన మనిషికి ఇక అది పడదు. సగం వాడిన డబ్బా మూలన నెలల తరబడి ఉంచడం దీంతో కుదరదన్నమాట.

అలిఫాటిక్ అంటే బెంజీన్ రింగ్ లేని హైడ్రోకార్బన్‌లు, ఎక్కువగా ఐసోపారఫిన్‌లు. వాసన దాదాపు ఉండదు, చర్మానికి లిమోనీన్‌లాగా అలర్జీ తెప్పించదు కానీ మాటిమాటికీ తగిలితే ఎండిపోయి పగులుతుంది. దీంతో తంటా ఏంటంటే నీళ్లంటే అసలు పడదు. జైలీన్‌లోకి కాస్త తడి వెళ్తే తెల్లగా పాలలాగా అయ్యి మనకి చెప్తుంది, అయినా కొంతవరకు నెట్టుకొస్తుంది, ఇది ఆ మాత్రం కూడా ఓర్చుకోదు, ముందున్న అబ్సల్యూట్ ఆల్కహాల్ (నీళ్లు కలవనిది) నిజంగా అబ్సల్యూట్‌గా ఉండాలి. కొనేముందు ఎస్‌డీఎస్ (కంపెనీ ఇచ్చే సేఫ్టీ డేటా షీట్) అడిగి తీసుకో, మూడో సెక్షన్‌లో అసలు ఏమేం కలిపారో రాసుంటుంది. అక్కడ ఎన్-హెక్సేన్ కనిపిస్తే వద్దని చెప్పేయి, అది ఒంట్లోకి వెళ్లి 2,5-హెక్సేన్‌డయోన్‌గా మారి కాళ్లూ చేతుల నరాలని దెబ్బతీస్తుంది, జైలీన్ వదిలి దాన్ని తెచ్చుకోవడం దేనికి. లేబుల్ మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ ఉందా లేదా అన్నది నాకు అనవసరం, నీకూ అనవసరమే.

ఐసోప్రొపనాల్ విషయంలో మీ ఫ్రెండ్ చెప్పింది సగమే. విషం పాళ్లలో చూస్తే జైలీన్ కన్నా నయం, కానీ ఫ్లాష్ పాయింట్ 12 డిగ్రీలే, అంటే నిప్పు అంటుకోవడంలో జైలీన్ కన్నా ముందుంటుంది. చల్లగా ఉంటే మైనంతో సరిగ్గా కలవదు, వేడి కావాలి, వాక్యూమ్ కావాలి, అప్పుడు మైనం స్టేషన్‌లో అది ఆవిరై బయటకు పోతుంది (అది మరిగేది 82 డిగ్రీల దగ్గర, వాక్యూమ్‌లో ఇంకా తక్కువకే మరుగుతుంది). జైలీన్ లేని ప్రోగ్రామ్ మీ మెషీన్‌లో కంపెనీయే పెట్టి ఇచ్చి ఉంటే నిక్షేపంగా వాడు, నా ఓటు కూడా దానికే. పాత మెషీన్‌లో జైలీన్ బాటిల్ తీసి ఆ ప్లేస్‌లో ఐసోప్రొపనాల్ పోసేస్తే మాత్రం పొద్దున్నకి పచ్చి ముక్కలే చేతికొస్తాయి.

ఏది ఎంచుకున్నా పేషెంట్ కేసుల మీద ప్రయోగం చేయకు. రిపోర్ట్ అయిపోయి, దాచాల్సిన గడువు కూడా అయిపోయిన మిగులు కండ తీసుకుని ఒకే ముక్కని రెండుగా కోసి ఒకటి పాత పద్ధతిలో, ఒకటి కొత్త పద్ధతిలో నడిపి, ఏది ఏదో చెప్పకుండా స్లైడ్‌లు పాథాలజిస్ట్ ముందు పెట్టు. బ్రెస్ట్ లాంటి కొవ్వు కండ, గర్భసంచి లాంటి గట్టి కండ, చర్మం, లివర్, లింఫ్ నోడ్, డీకాల్సిఫై చేసిన (కాల్షియం తీసేసి మెత్తబరిచిన) ఎముక, ఇవన్నీ ఉండాలి. ఒక్క లివర్‌తో టెస్ట్ చేసి బాగుందనేస్తారు కొందరు, లివర్ ఎందులో వేసినా బాగానే వస్తుంది. రోజూ వేసే హెచ్ అండ్ ఈ స్టెయిన్ ఒక్కటే కాకుండా స్పెషల్ స్టెయిన్‌లు, ఐహెచ్‌సీ (యాంటీబాడీలతో చేసే స్టెయిన్) కూడా చేసి చూడు, ఆ బ్లాక్‌లనే కొన్ని నెలలాగి మళ్లీ కోసి చూడు.

ప్రశ్న: మేము అలిఫాటిక్‌కి మారాం. చిన్న బయాప్సీలు బాగానే ఉన్నాయి కానీ బ్రెస్ట్, ఓమెంటమ్ (కడుపులోని కొవ్వు పొర) బ్లాక్‌లు మెత్తగా వస్తున్నాయి, కోస్తుంటే మధ్యలో కండ ఊడి గుంట పడుతోంది. అందరూ కెమికల్‌నే తిడుతున్నారు. వెనక్కి వెళ్లిపోవాలా? (సీనియర్ టెక్నీషియన్)

జవాబు: వెనక్కి వెళ్లకండి, ముందు కండని ముక్కలు కోసి క్యాసెట్‌లో పెట్టే గ్రాసింగ్ టేబుల్ దగ్గరికి వెళ్లండి. క్యాసెట్‌లో ముక్క ఎంత మందం ఉందో చూడండి. 3 మిల్లీమీటర్లకి మించిందంటే, మూత నొక్కితే తప్ప పట్టట్లేదంటే, ఇక ఏ కెమికల్ అయినా ఒకటే. జైలీన్ మొరటు మనిషి, మనం చేసిన తప్పులన్నీ కప్పిపుచ్చేది, కొవ్వుని దబాయించి కరిగించేది. కొత్తది నెమ్మది రకం, అందుకని ఇన్నాళ్లూ దాగి ఉన్న తప్పులు ఇప్పుడు బయటపడుతున్నాయి. ఫార్మలిన్‌లో సరిగ్గా నానకుండా ప్రాసెసర్ ఎక్కిన ముక్క కూడా ఇలాగే ప్రవర్తిస్తుంది, పొద్దున్న ఆపరేషన్‌లో తీసిన రొమ్ముని (మాస్టెక్టమీ) సాయంత్రం కోసి ఆ రాత్రికే ఎక్కించేస్తే మధ్యలో కొవ్వు పచ్చిగానే ఉంటుంది. కొవ్వు ముక్కలకి వేరే ప్రోగ్రామ్ పెట్టండి, అబ్సల్యూట్ ఆల్కహాల్ మార్పులు పెంచండి, ఎందుకంటే కొవ్వు తీయడంలో ఆల్కహాల్ కూడా ఒక చెయ్యి వేస్తుంది, క్లియరింగ్ రెండు స్టేషన్లు ఉంటే మూడు చేయండి, టైమ్ మాత్రం కంపెనీ ఇచ్చిన దాంతో మొదలుపెట్టి మీ కండ చూసుకుంటూ పెంచుకోండి.

రెండో అనుమానం మైనం మీద. జైలీన్ 140 డిగ్రీల చుట్టుపక్కల మరుగుతుంది, వాక్యూమ్ ఉన్న మైనం స్టేషన్‌లో ఎంతోకొంత ఎగిరిపోతుంది. లిమోనీన్ 176 దగ్గరగానీ మరగదు, అలిఫాటిక్‌లలో కూడా చాలా రకాలు జైలీన్ కన్నా పైనే, కాబట్టి అవి మైనంలోకి వెళ్లాయంటే అక్కడే ఉండిపోతాయి, మైనం రోజురోజుకీ మెత్తబడుతుంది, బ్లాక్ మెత్తబడుతుంది, మనమేమో కండ ప్రాసెస్ అవ్వలేదనుకుని టైమ్ పెంచుతాం, అది ఇంకో తంటా. మొదటి మైనం పాత్రలోంచి కాస్త తీసి చల్లారబెట్టి వేలితో రుద్ది చూడండి, కొత్త మైనం పక్కన పెట్టి. జిడ్డుగా తగిలితే మార్చే టైమ్ దాటిపోయిందని అర్థం. జైలీన్‌తో ఎన్ని బ్యాచ్‌లకి మార్చేవారో ఆ లెక్క ఇప్పుడు పనిచేయదు, తగ్గించాల్సిందే.

ఇంకో చిన్న సంగతి, చేత్తో ప్రాసెస్ చేసేవాళ్ల కోసం. జైలీన్‌లో ముక్క అద్దంలా పారదర్శకం అవ్వగానే అయిపోయిందనుకోవడం మనకి అలవాటు. అది ఎందుకవుతుందంటే జైలీన్ వక్రీభవన గుణకం (వెలుతురుని ఎంత వంచుతుందన్న లెక్క) దాదాపు 1.50, కండలోని ప్రొటీన్‌కి దగ్గరగా ఉంటుంది కాబట్టి. అలిఫాటిక్‌లది ఇంకా తక్కువ, సుమారు 1.42 నుంచి 1.44 మధ్య, ఐసోప్రొపనాల్‌ది 1.38 లోపే, వాటిలో ముక్క అలా వెలిగిపోదు, ఎంతసేపు ఉంచినా మసగ్గానే ఉంటుంది. పారదర్శకం అయ్యేదాకా ఉంచుదాం అని కూర్చుంటే కండ గట్టిపడి పెళుసవుతుంది, బ్లేడ్ కింద చిట్లుతుంది. గడియారాన్ని నమ్మండి, ఈ విషయంలో కంటిని కాదు.

ప్రశ్న: నాకు అయిదో నెల. రోజంతా స్టెయినింగ్ దగ్గరే ఉంటాను. మాస్కు వేసుకుంటే సరిపోతుందంటున్నారు మా ఇన్‌ఛార్జ్ గారు. భయంగా ఉంది, ఉద్యోగం మానేయాలా మేడమ్?

జవాబు: ఉద్యోగం మానేయక్కర్లేదమ్మా, ఆ బెంచ్ మాత్రం మారాలి. సర్జికల్ మాస్కు తుంపర్లని ఆపుతుందిగానీ ఆవిరిని ఆపదు, ఎన్-95 కూడా ఆపదు. ఆవిరి ఆగాలంటే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి, అది బిగించుకుని రోజంతా పనిచేయడం మామూలు మనిషికే కష్టం, కడుపుతో ఉన్నప్పుడు ఊపిరి తీసుకోవడమే బరువు, దాని మీద అది ఎందుకు. జైలీన్ తల్లి రక్తంలోంచి మావిని దాటి బిడ్డదాకా వెళ్లగలదు, జంతువుల మీద ఎక్కువ మోతాదులిచ్చి చూసినప్పుడు పిల్లల ఎదుగుదల తగ్గడం కనిపించింది. ల్యాబ్‌లో మీరు పీల్చేది ఆ మోతాదు కాదు, ఇన్నాళ్లూ చేశాను ఏమైపోతుందో అని రాత్రిళ్లు నిద్ర పాడుచేసుకోకండి. అలాగని సర్దుకుపోవాల్సిన పనీ లేదు. మీ పని ఏంటో, ఏయే కెమికల్స్ ముట్టుకుంటున్నారో రాసి మీరు చూపించుకునే డాక్టర్ గారికి ఇవ్వండి, గాలి రాకపోకలు ఎలా ఉన్నాయో కూడా చెప్పండి, ఆవిడ రాసిచ్చిన కాగితంతో ఇన్‌ఛార్జ్ గారిని అడగండి. మైక్రోటోమ్ (బ్లాక్‌ని పల్చగా కోసే మెషీన్) మీద కోత, బ్లాక్ ఫైలింగ్, రికార్డులు, అడిగితే ఆ ల్యాబ్‌లోనే మీకు సరిపడే పని బోలెడుంటుంది.

ఒకటి మర్చిపోకండి, జైలీన్ నుంచి తప్పించి గ్రాసింగ్‌కి వేశారనుకోండి, అక్కడ ఫార్మలిన్ ఉంటుంది. జైలీన్ క్యాన్సర్ తెప్పిస్తుందా అంటే ఐఏఆర్‌సీ (ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం) దాన్ని గ్రూప్ 3లో పెట్టింది, అంటే తేల్చడానికి ఆధారాలు చాలవని. ఫార్మలిన్‌లో ఉండే ఫార్మాల్డిహైడ్‌ని మాత్రం 2004లో గ్రూప్ 1లోకి చేర్చారు, మనుషుల్లో క్యాన్సర్ తెప్పిస్తుందని ఖాయం చేసి. కాబట్టి అక్కడికి కూడా వద్దని ముందే చెప్పండి.

ప్రశ్న: మొదట్లో జైలీన్ వాసనకి తల తిరిగేది, ఇప్పుడు అసలు తెలియట్లేదు. అలవాటు పడ్డట్టేనా? గ్లౌజులు వేసుకునే చేస్తాను. (టెక్నీషియన్)

జవాబు: ముక్కు అలవాటు పడింది, ఒళ్లు కాదు. గాలిలో సుమారు 1 పీపీఎం (పది లక్షల పాళ్లలో ఒక పాలు) ఉన్నా కొత్తగా లోపలికొచ్చినవాళ్లకి వాసన తెలుస్తుంది, లోపలే ఉన్నవాళ్లకి కాసేపటికి ముక్కు మొద్దుబారి ఎంతున్నా తెలియదు. అమెరికాలో పని భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా పెట్టిన హద్దు 8 గంటల సగటున 100 పీపీఎం, యూరప్‌లో 50, అక్కడి నిపుణుల సంఘం (అమెరికాది) ఏసీజీఐహెచ్ అయితే 100 నుంచి ఏకంగా 20కి దించేసింది. ఒకే కెమికల్‌కి ఇన్ని హద్దులేంటంటే, తక్కువ మోతాదులో కూడా తలనొప్పి, మగత, కళ్ల మంట వస్తున్నాయని తెలిసేకొద్దీ కిందికి దించుతున్నారు. మీ ల్యాబ్‌లో ఎంతుందో తెలియాలంటే కాలర్‌కి తగిలించుకునే బ్యాడ్జ్ లాంటి శాంప్లర్‌లు ఉంటాయి, ఒక షిఫ్ట్ అంతా పెట్టుకుని పరీక్షకి పంపితే లెక్క వస్తుంది. కొత్త కెమికల్‌కి మారేముందు ఒకసారి, మారాక ఒకసారి చేయించమని అడగండి, లేకపోతే తగ్గిందో లేదో ఎలా తెలుస్తుంది, అందరూ ముక్కుతోనే చెప్తారు.

గ్లౌజుల సంగతి, లేటెక్స్‌వి అయితే వేసుకున్నా ఒకటే లేకున్నా ఒకటే. పల్చటి నైట్రైల్ కూడా కొద్ది నిమిషాలకే జైలీన్‌ని లోపలికి వదిలేస్తుంది, చుక్క పడితే వెంటనే తీసి పారేయడానికి మాత్రమే అది. ప్రాసెసర్ రీజెంట్ మార్చడం, ఒలికింది తుడవడం లాంటి పనులకి వైటాన్ గ్లౌజులుండాలి, ఖరీదే కానీ ల్యాబ్‌కి ఒక జత ఉంటే చాలా కాలం వస్తుంది. పీవీఏ గ్లౌజులు కూడా జైలీన్‌కి ఆగుతాయి, కాకపోతే నీళ్లు తగిలితే అవే కరిగిపోతాయి, స్టెయినింగ్ సింక్ పక్కన వాటితో వేగలేం.

మీ ఉత్తరం చివర్లో లామినార్ ఫ్లో ముందు కూర్చుని మౌంటింగ్ చేస్తాను అని రాశారు, అది చూసి గుండె గుభేల్‌మంది. దానికుండే హెపా ఫిల్టర్ దుమ్మునీ సూక్ష్మజీవుల్నీ ఆపుతుంది, ఆవిరి దాంట్లోంచి దర్జాగా వెళ్లిపోతుంది, పైగా ఆ గాలి నేరుగా మీ మొహం మీదికే తోస్తుంది. మామూలు టేబుల్ మీద చేసుకోవడమే దానికన్నా మేలు. కావాల్సింది గాలిని బయటికి పంపే ఫ్యూమ్ హుడ్, లేదా టేబుల్ కిందికి లాగే డౌన్‌డ్రాఫ్ట్. జైలీన్ ఆవిరి గాలికన్నా మూడున్నర రెట్లకి పైగా బరువు, కుండలోంచి పొర్లిన నీళ్లలాగా బెంచ్ అంచు మీంచి జారి నేల మీద పరుచుకుంటుంది, సీలింగ్‌కి పెట్టిన ఎగ్జాస్ట్ ఫ్యాన్ దాన్ని మీ ముక్కు మీదుగానే పైకి లాక్కెళ్తుంది. స్ప్లిట్ ఏసీ అయితే ఉన్న గాలినే చల్లగా తిప్పుతుంది, అంతకుమించి ఏమీ చేయదు.

ప్రశ్న: లిమోనీన్ పండ్ల నుంచి వచ్చిందే కదా, వాడాక సింక్‌లో పోసేయొచ్చా?

జవాబు: వద్దు. నీళ్లలో ఉండే జీవాలకి అది బాగా విషం, డబ్బా మీద చచ్చిన చేప బొమ్మ ఉంటుంది చూడండి. పైగా మీరు పోసేది ఉత్త లిమోనీన్ కాదు, మైనమూ ఆల్కహాలూ రంగులూ కలిసినది, పైపులో మైనం గడ్డకడితే ఆ తర్వాత ప్లంబర్‌కి చెప్పుకోవాలి. మూత ఉన్న డబ్బాలో పోసి పేరూ తేదీ రాసి సాల్వెంట్ వేస్ట్‌కే పంపండి, ఫార్మలిన్ డబ్బా వేరుగా, క్లోరోఫామ్ లాంటి క్లోరిన్ ఉన్నవి ఇంకా వేరుగా.

ప్రశ్న: మా సిలబస్‌లో క్లియరింగ్ ఏజెంట్లంటే బెంజీన్, టోలుయీన్, క్లోరోఫామ్, డయాక్సేన్, సెడార్‌వుడ్ ఆయిల్, అసిటోన్ అని పెద్ద లిస్ట్ ఉంది. జైలీన్ బదులు వీటిలో ఏదో ఒకటి వాడొచ్చు కదా? (ఎంఎల్‌టీ విద్యార్థిని)

జవాబు: పరీక్షకి రాయమ్మా, ల్యాబ్‌కి తేవద్దు. బెంజీన్ రక్త క్యాన్సర్ తెప్పిస్తుంది, ఆ విషయంలో ఎవరికీ అనుమానం లేదు. టోలుయీన్ జైలీన్‌కి తోబుట్టువే, కండని కాస్త తక్కువ పెళుసు చేస్తుంది కానీ ఫ్లాష్ పాయింట్ 4 డిగ్రీలు, కడుపులో బిడ్డకి హాని చేస్తుందన్న అనుమానం దాని మీద ఇంకా ఎక్కువ. క్లోరోఫామ్ అంటుకోదు, గట్టి కండకి మంచిదే, అయితే లివర్‌ని దెబ్బతీస్తుంది, బాగా వేడెక్కితే ఫాస్జీన్ పుడుతుంది. డయాక్సేన్ నిలవుంటే పెరాక్సైడ్‌లు చేరి పేలే ప్రమాదం, పైగా ఐఏఆర్‌సీ జాబితాలో 2బీ, అంటే క్యాన్సర్ తెప్పించే అవకాశం ఉందని. అసిటోన్ మైనస్ 20 దగ్గరే అంటుకునేంత ఆవిరి వదుల్తుంది, కండ కూడా కుంచించుకుపోతుంది. మిగిలింది సెడార్‌వుడ్ ఆయిల్, పాపం చాలా సాధువు, కండకి ఏమీ చేయదు, కానీ దాని పని రోజులు పడుతుంది, ఆ తర్వాత మైనంలోంచి అది వదిలేసరికి ఇంకో జాగారం. అప్పటికి సర్జన్ నుంచి నాలుగు ఫోన్లొస్తాయి. అన్నట్టు జైలీన్ అని మనం కొనేదాంట్లో కూడా మూడు రకాల జైలీన్‌లతో పాటు ఇథైల్‌బెంజీన్ కలిసి ఉంటుంది, అది కూడా 2బీనే, మీ సిలబస్‌లో ఆ ముక్క ఉందో లేదో చూడు.

ప్రశ్న: సబ్‌స్టిట్యూట్‌కి మారిన దగ్గర్నుంచి కొన్ని స్లైడ్‌లు కవర్‌స్లిప్ కింద మబ్బుపట్టినట్టు ఉంటున్నాయి, ఇంకొన్ని వారానికి అంచుల నుంచి లోపలికి గాలి లాక్కుంటున్నాయి. రిపోర్టింగ్‌కి చాలా చిరాగ్గా ఉంది. (పాథాలజిస్ట్)

జవాబు: డాక్టర్ గారూ, మీ వాళ్లు మౌంటెంట్ (కవర్‌స్లిప్ అంటించే జిగురు) మార్చలేదని నా అనుమానం. అందరూ వాడే డీపీఎక్స్ మౌంటెంట్ 1939 నాటిది, దాని తయారీలోనే జైలీన్ ఉంది. స్లైడ్ అలిఫాటిక్‌తో తడిసి ఉన్నప్పుడు దాని మీద డీపీఎక్స్ వేస్తే కొన్ని రకాలతో సర్దుకుంటుంది, కొన్ని రకాలతో విరిగిపోయినట్టయ్యి మసక కమ్ముతుంది. సబ్‌స్టిట్యూట్ అమ్మినవాళ్లనే దానికి సరిపడే మౌంటెంట్ ఏదో అడగమనండి, అదే వాడమనండి. ఇంకో కారణం, ఇవి జైలీన్‌లాగా చకచకా ఆరవు, స్లైడ్ మీద ఎక్కువ తడి ఉండగానే మౌంటెంట్ వేసేస్తే అది పల్చబడుతుంది, తర్వాత ఆరేకొద్దీ కుంచించుకుని అంచుల్లోంచి గాలి లాక్కుంటుంది. ర్యాక్‌ని బ్లాటింగ్ పేపర్ మీద కాసేపు నిలబెట్టి ఒత్తి ఆ తర్వాత మౌంట్ చేయమనండి. మసక కడుగుతూనే కనిపిస్తే, అంటే ఇంకా మౌంట్ చేయకముందే జాడీలో స్లైడ్ తెల్లగా ఉంటే, అది మౌంటెంట్ కాదు, ఆఖరి ఆల్కహాల్‌లో నీళ్లు చేరాయి, ఆ జాడీ మార్పిస్తే పోతుంది. ఐహెచ్‌సీలో మచ్చలు మచ్చలుగా రంగు రాకపోతే మాత్రం డీవాక్స్ దగ్గర మైనం పూర్తిగా వదల్లేదేమో చూడాలి, అక్కడ ఇంకో జాడీ పెంచాలి.

మీరు అడగలేదు కానీ, డీవాక్స్‌కి అసలు సాల్వెంటే అక్కర్లేదని కొందరు 1.7 శాతం గిన్నెలు తోమే లిక్విడ్ సోప్ నీళ్లని 90 డిగ్రీలకి వేడిచేసి ప్రయత్నించారు, రొటీన్ హెచ్ అండ్ ఈకి బాగానే వచ్చిందన్నారు. అంత వేడి నీళ్లలో మామూలు స్లైడ్ మీది సెక్షన్ లేచి తేలిపోతుంది, అడ్హెసివ్ పూసిన లేదా ఛార్జ్‌డ్ స్లైడ్‌లు ఉంటేనే ఆ మాటెత్తాలి. ఆటోమేటిక్ ఐహెచ్‌సీ మెషీన్లు కొన్ని ఇలాంటి వేడి డిటర్జెంట్ ద్రావణాలతోనే డీవాక్స్ చేస్తున్నాయి కాబట్టి ఆలోచన వట్టిది కాదు.

ప్రశ్న: జైలీన్‌ని డిస్టిల్ చేసి మళ్లీ వాడుకునే మెషీన్ కొంటే సబ్‌స్టిట్యూట్ గొడవే ఉండదు కదా?

జవాబు: వేస్ట్ తగ్గుతుంది, కొనే ఖర్చు తగ్గుతుంది, పీల్చేది తగ్గదు. ఇంకా చెప్పాలంటే మెషీన్‌లో పోయడం, తీయడం అని రెండు పనులు పెరుగుతాయి. అయినా సరే జైలీన్ ఎలాగూ వాడక తప్పని ల్యాబ్‌కి మంచి వస్తువే, ఆ గదిలో ఎగ్జాస్ట్ ఉండాలి, తిరిగొచ్చిన జైలీన్‌లో ఆల్కహాల్, నీళ్లు మిగల్లేదని ప్రతి బ్యాచ్ టెస్ట్ చేసుకోవాలి.

ప్రశ్న: ఒక్క చుక్క జైలీన్ కూడా లేని హిస్టాలజీ ల్యాబ్ కుదురుతుందా మేడమ్? మా హెచ్‌ఓడీ గారు జీరో అంటే జీరో అంటున్నారు. (ల్యాబ్ సూపర్‌వైజర్)

జవాబు: ప్రాసెసింగ్‌లో జీరో కుదురుతుంది, రొటీన్ స్టెయినింగ్‌లో కూడా కుదురుతుంది, చాలాచోట్ల చేస్తున్నారు. కాకపోతే కొన్ని చోట్ల మొండికేస్తుంది. గాజు కవర్‌స్లిప్ బదులు ఫిల్మ్ అంటించే మెషీన్ మీకుందా, ఆ ఫిల్మ్ మీద ఉన్న జిగురు జైలీన్ తగిలితేనే మెత్తబడి అంటుకుంటుంది, వేరేది పోస్తే ఫిల్మ్ కొన్నాళ్లకి పొరలాగా లేచి వస్తుంది. కుష్ఠు బ్యాక్టీరియా కోసం చేసే ఫైట్ స్టెయిన్‌లో డీవాక్స్‌కి జైలీన్‌నీ వేరుశనగ నూనెనీ కలిపి వాడతారు, ఆ నూనె వల్లే బ్యాక్టీరియా గోడ మీది మైనపు పొర నిలుస్తుంది, దాన్ని మార్చాలంటే పాజిటివ్ కంట్రోల్‌తో (బ్యాక్టీరియా ఉందని ముందే తెలిసిన కండతో) విడిగా వ్యాలిడేట్ చేసుకోవాల్సిందే. మూడోది పాత స్లైడ్‌లు. సెకండ్ ఒపీనియన్‌కో, మళ్లీ స్టెయిన్ చేయడానికో డీపీఎక్స్‌తో మౌంట్ చేసిన పాత స్లైడ్ కవర్‌స్లిప్ తీయాల్సి వస్తుంది, దానికి జైలీన్ అంత పనికొచ్చేది నాకు కనపడలేదు. హెచ్‌ఓడీ గారితో జీరో గురించి వాదించకండి, హుడ్ లోపల బిగుతు మూత ఉన్న చిన్న జాడీ ఒకటి వీటికోసం అని రాతపూర్వకంగా ఒప్పించుకోండి. ఆ కవర్‌స్లిప్‌ని బ్లేడ్ పెట్టి ఎత్తొద్దని మీ వాళ్లకి చెప్పండి, సెక్షన్ దాంతోపాటే వచ్చేస్తుంది, దానంతట అది జారేదాకా అలా వదిలేయాలి, ఏళ్లనాటి స్లైడ్ అయితే రెండు మూడు రోజులు పట్టినా పట్టొచ్చు.